గోదావరి డెల్టాలో కూలిన యుద్ధకాలపు బాంబర్: చోటు నుంచి సిబ్బంది పేర్ల దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన విమానం సంగతి ఎత్తితే డెల్టా ఊళ్లలో దొరికేది ఒకటి, కాగితాల్లో దొరికేది మరొకటి. ఊరివాళ్లకు చోటు తెలుసు: ఫలానా వారి చేలో, ఫలానా కాలవ మలుపులో, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేటకు అవతల. తేదీ మాత్రం తెలియదు. రాయల్ ఎయిర్ ఫోర్స్ కాగితాల్లో తేదీ ఉంటుంది, ఒక్కోసారి గంటా నిమిషం కూడా ఉంటాయి. చోటు దగ్గరికి వచ్చేసరికి "రాజమండ్రికి ఆగ్నేయంగా ఇన్ని మైళ్లు" అనో, "బంగాళాఖాతంలో" అనో ఒక్క ముక్కతో సరిపెడతారు. ఈ రెండు కొసలనూ ముడివేయడమే పని. అందుకే లోహపు ముక్కల వేటతో మొదలుపెట్టకండి. ముందు తేదీ, తర్వాత పేర్లు, ఆ తర్వాతే పొలం.

శిక్షణలో కూలిన విమానం జాడ పట్టడం దాడికి వెళ్లి కూలినదాని జాడ కన్నా కష్టం. దాడికి వెళ్లిన ప్రతి విమానానికీ స్క్వాడ్రన్ (కొన్ని విమానాలు, సిబ్బంది కలిసిన దళం) దినచర్య పుస్తకంలో సిబ్బంది పేర్లతో వరుస రాసేవారు. శిక్షణ యూనిట్ల దినచర్యల్లో చాలాసార్లు నెలకింత అని గంటల లెక్క, "ఒక విమానం తిరిగి రాలేదు" అన్న ఒక్క వాక్యం, అంతే. పేర్లు వేరే దారిలో పట్టుకోవాలి.

ఊళ్లో అడగాల్సినవి

ప్రత్యక్షంగా చూసినవాళ్లు ఇవాళ తొంభైకి అటూ ఇటూ ఉంటారు. ఎక్కువగా దొరికేది తాతో నాయనమ్మో చెప్పగా విన్నవాళ్ల మాట. అయినా పనికొస్తుంది, అడిగే తీరు తెలిస్తే. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరైనా "నలభై రెండు" అంటారు, ఎందుకంటే కాకినాడ మీద బాంబులు పడ్డ ఏడాది అందరికీ నోట్లో ఉంటుంది. దానికి బదులు తెలుగు సంవత్సరం పేరు అడగండి. 1942 ఉగాది నుంచి చిత్రభాను, 1943 నుంచి స్వభాను, 1944 నుంచి తారణ, 1945 నుంచి పార్థివ. ఇంట్లో ఎవరి పుట్టుకకైనా, పెళ్లికైనా పాత జాతకమో శుభలేఖో ఉంటే ఆ పేరు అందులో ఉంటుంది. "పెద్దక్క పుట్టిన ఏడే పడింది" అన్న మాట అక్కడితో తేదీ అవుతుంది.

తర్వాత కాలం. ఊడ్పులప్పుడా, కోతలప్పుడా, మాసూళ్లు అయిపోయాకా? కాలవలు కట్టేశాకా, నీళ్లు వదిలాకా? చేలో నీళ్లున్నాయా, చేను బీటలు వారి ఉందా? గోదావరి ఎర్రగా పొంగి ఉందా? వీటితో పన్నెండు నెలలు మూడు నెలలకు తగ్గుతాయి. పగలా రాత్రా, వాన పడుతోందా అన్నది కూడా రాసుకోండి. వర్షాకాలపు మేఘాల్లో దూరి ముక్కలైన విమానాలు, రాత్రి దిగబోయి నేలను తాకినవి, ఇంజను ఆగి చేలో పడ్డవి నేల మీద వేరువేరు గుర్తులు వదులుతాయి. గాల్లోనే ముక్కలైతే రెక్క ఒక ఊళ్లో, తోక మరో ఊళ్లో పడుతుంది. అప్పుడు రెండు ఊళ్లవాళ్లు రెండు విమానాలు పడ్డాయంటారు.

ఈ నాలుగూ కచ్చితంగా అడగాలి: ఎన్ని ఇంజన్లు, ఎంతమంది చనిపోయారు, ఎవరైనా బతికారా, శవాలను ఎవరు ఎక్కడికి తీసుకెళ్లారు. లారీలో తీసుకెళ్లారంటే సైన్యం వచ్చింది, కాగితం ఉంటుంది. ఊరి దగ్గరే పాతిపెట్టారంటే తర్వాత తవ్వి మార్చి ఉంటారు, దానికీ కాగితం ఉంటుంది. అల్యూమినియం ఎవరు పట్టుకెళ్లారో కూడా కనుక్కోండి. తేలికైన లోహం ఎయిర్ ఫోర్స్ వదిలేస్తే ఊరివాళ్లు వదలరు. కరిగించి గిన్నెలు పోసినవి, రేకు గుడిసెకు కప్పినవి ఇంకా అటక మీద ఉండొచ్చు. వాటి మీద ముద్ర ఉందేమో చూసి, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. కొనకండి. మీరు ఒక్కసారి డబ్బిస్తే మర్నాటి నుంచి పాత ఇనుప కొట్లోని ప్రతి ముక్కా విమానం ముక్కే అవుతుంది.

ఒకరి మాట మరొకరి ఎదుట అడగొద్దు. రచ్చబండ దగ్గర పదిమందిలో అడిగితే గట్టిగా మాట్లాడేవాడి కథే అందరి కథ అవుతుంది.

"జపాన్ వాళ్ల విమానం" అన్నప్పుడు

డెల్టాలో ఏ విమానం పడినా జపాన్‌దేనని చెప్పడం అలవాటు. 1942 ఏప్రిల్ 6న, ఈస్టర్ మర్నాడు, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ నౌక మీద ఉన్న బాంబర్లు ఒక్క ఇంజనువి, ముగ్గురు మాత్రమే పట్టేవి. ఊళ్లో నాలుగు ఇంజన్లన్నా, ఎనిమిది పది శవాలన్నా అది ఆ నౌక నుంచి వచ్చినది కాదు. నాలుగు ఇంజన్లంటే దాదాపుగా లిబరేటర్ అనే అమెరికా తయారీ భారీ బాంబర్. రెండైతే వెల్లింగ్టన్, బ్లెన్‌హైమ్, మస్కిటో, డకోటా, కాటలీనా ఏదైనా కావొచ్చు. ఒక్క ఇంజను, ఇద్దరు మనుషులు, బరువైన విమానం అంటే వెంజెన్స్ డైవ్ బాంబర్ సంగతి చూడాలి. స్వాతంత్ర్యం తర్వాత కూలిన విమానాలూ ఇదే జ్ఞాపకంలో కలిసిపోతాయి, అందుకే పైన చెప్పిన సంవత్సరం పేరు ముఖ్యం.

పేర్ల పట్టిక తయారు చేయడం

యుద్ధంలో పోయిన బ్రిటన్, కామన్వెల్త్ సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. పేరుతో వెతకొద్దు, పేరు మీకు తెలియదుగా. తేదీల మధ్య వెతకండి: ఊళ్లో దొరికిన మూడు నెలలు, వైమానిక దళం, రెండో ప్రపంచ యుద్ధం. చోటు దగ్గర రెండు పేర్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి. మొదటిది చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సిమెట్రీ. దక్షిణాన, తూర్పున ఊరూరా ఉన్న సమాధుల్లో శాశ్వతంగా బాగోగులు చూడలేనివాటిని యుద్ధం తర్వాత ఇక్కడికి మార్చారు. రెండోది సింగపూర్ మెమోరియల్. సమాధి తెలియని వైమానికుల పేర్లు, మన సముద్రంలో పోయినవాళ్లవి కూడా, అక్కడి గోడల మీదే ఉన్నాయి. సింగపూర్ అని చూసి, అక్కడ చనిపోయారనుకుని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. గోడ మీద కాలమ్ నంబరు హోదానుబట్టి, దళాన్నిబట్టి వేసింది. దాన్నిబట్టి ఎవరు ఎవరితో ఎగిరారో తేలదు.

ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌గా దింపుకుని తేదీ వరుసలో పేర్చండి. ఒకే తేదీ, ఒకే స్క్వాడ్రన్, ఐదు నుంచి పదకొండు పేర్లు గుంపుగా కనిపిస్తే అది ఒక విమానం. లిబరేటర్‌లో మామూలుగా ఎనిమిది తొమ్మిది మంది. శిక్షణ ప్రయాణంలో బోధకుడు, అదనపు విద్యార్థులు ఎక్కుతారు కనుక లెక్క పెరుగుతుంది. ఇక్కడే చాలామంది తడబడి, మిగిలినవాళ్లను వేరే ప్రమాదం కింద వేస్తారు. స్క్వాడ్రన్ గడి ఖాళీగా ఉన్న పేర్లను తీసేయకండి, శిక్షణ యూనిట్లలో చనిపోయినవాళ్లకు అది తరచు ఖాళీగానే ఉంటుంది. గాయాలతో ఆసుపత్రిలో రెండు మూడు రోజులకు పోయినవాళ్ల తేదీ వేరుగా ఉంటుంది, కాబట్టి ముందూ వెనకా వారం చూడండి.

ఒకే రోజు రెండు స్క్వాడ్రన్ల పేర్లు పక్కపక్కన వస్తే గాల్లో ఢీకొన్నాయేమో అనుకోండి. ఒడిశా–బెంగాల్ సరిహద్దులోని అమర్దా రోడ్ స్థావరం దగ్గర 1945 జులై 26న జరిగింది అదే. బారులు తీరి ఎగిరే సాధనలో ఉన్న ఆరు లిబరేటర్లలో 99వ స్క్వాడ్రన్‌కు చెందిన ఈడబ్ల్యూ 225 నంబరు విమానం, 355వ స్క్వాడ్రన్‌కు చెందిన ఈడబ్ల్యూ 247 నంబరు విమానం తగిలి, 14 మంది పోయారు. ఒక్క స్క్వాడ్రన్ పేరుతోనే వెతికితే అందులో సగమే కనబడతారు.

ప్రతి పేరు పేజీలో కింద పాత కాగితాల స్కాన్‌లు ఉంటాయి. వాటిలో సమాధి మార్పిడి నివేదిక ఉందేమో చూడండి. మద్రాసుకు తేకముందు ఎముకలు ఏ ఊరి శ్మశానంలో ఉన్నాయో అందులో రాసి ఉంటుంది. రాజమండ్రి, కాకినాడ, నర్సాపురం, ఏలూరు లాంటి పేరు అక్కడ కనిపించిందంటే ఊళ్లో విన్న కథకు మొదటి కాగితం దొరికినట్టు. ఒక మెలిక: ముగ్గురు నలుగురి పేర్లు ఒకే సమాధి కింద, సామూహికంగా రాసి ఉంటే విడివిడిగా గుర్తించలేకపోయారని అర్థం. అది మంట వల్ల కావొచ్చు, నేలను బలంగా తాకడం వల్ల కూడా కావొచ్చు. ఊళ్లో "మంట లేదు" అన్నారని అంతమాత్రాన ఈ ప్రమాదాన్ని పక్కన పెట్టకండి.

ఊరి పేర్లను పాత స్పెల్లింగులతో వెతకాలి. కాకినాడను కోకనాడ అని సీ అక్షరంతో రాసేవారు. విజయవాడ బెజవాడ, ఏలూరు ఎల్లోర్, మచిలీపట్నం మసూలిపటం, విశాఖ విజగపటం, యానాం యనాన్. తాడేపల్లిగూడేనికి రెండు మూడు రకాలున్నాయి, అన్నీ వేసి చూడండి.

యూనిట్ దినచర్య

లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అన్న వరుస స్క్వాడ్రన్లది, ఎయిర్ 28 స్థావరాలది, ఎయిర్ 29 శిక్షణ యూనిట్ల వంటి ఇతర యూనిట్లది. స్క్వాడ్రన్ దినచర్యలో రెండు ఫారాలుంటాయి. 540 రోజువారీ కథనం, 541 ఒక్కో ప్రయాణం, సిబ్బంది పేర్లు. శిక్షణ ప్రయాణాలు 541లో తరచు ఉండవు. ఆ తేదీకి 540 చదవండి, తర్వాత ఆ నెల చివర్లో ఉండే మరణాల పట్టిక చూడండి, ఆపైన స్థావరం దినచర్య. స్థావరం దినచర్యలో అంత్యక్రియల సంగతి, వెతకడానికి ఏ విమానాలు వెళ్లాయన్నది రాసి ఉండే అవకాశం ఎక్కువ. వెతికిన విమానాలు ఏ ప్రాంతం మీద తిరిగాయో తెలిస్తే చోటు సగం దొరుకుతుంది.

విమానం డెల్టాలోని స్థావరానిదే అయి ఉండాలన్న నియమం లేదు. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలపు రన్‌వే ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి కనుక అందరూ అక్కడే మొదలుపెడతారు. కానీ లిబరేటర్ శిక్షణ కోలార్‌లో జరిగేది. అక్కడి 1673 హెవీ కన్వర్షన్ యూనిట్ (భారీ బాంబర్లు నడపడం నేర్పే యూనిట్) 1944 నవంబరులో 358వ స్క్వాడ్రన్‌గా మారింది. కోలార్ నుంచి రాజమండ్రి ఆరు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ, లిబరేటర్‌కు రెండు గంటల లోపు దారి. నేవిగేటర్లకు తీరం వెంట దారి పట్టే పాఠంలో గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటు గాల్లోంచి పొరపడడానికి వీల్లేని గుర్తు. మద్రాసు వైపు నుంచి, ఒడిశా వైపు నుంచి వచ్చేవీ ఇదే తీరం పట్టుకుని పోతాయి. కాబట్టి కోలార్, చోళవరం, కటక్, విశాఖ స్థావరాల దినచర్యలు కూడా వరుసలో పెట్టుకోండి.

గడియారం దగ్గర జాగ్రత్త. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు మన దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచారు; గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలకు బదులు ఆరున్నర గంటల తేడా. డిసెంబరులో ఐదున్నరకు గుంకే పొద్దు ఆ గడియారంలో ఆరున్నరకు గుంకుతుంది. కొన్ని దినచర్యలు గ్రీనిచ్ కాలంలో రాశారు. సాయంత్రం ఆరు అని కనిపించినది ఇక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర కావొచ్చు, అంటే తేదీయే మారిపోతుంది. ఊళ్లో "తెల్లారగట్ల" అన్నదీ కాగితంలో "నిన్న రాత్రి" అన్నదీ ఒకటే అయ్యే సందర్భాలు ఇవే.

మిగతా దేశాల ఫైళ్లు: దగ్గరి దారి

బ్రిటన్ మరణాల ఫైళ్లు ఎయిర్ 81 వరుసలో తేదీల ప్రకారం విడతలుగా బయటికి వస్తున్నాయి. మీ తేదీ వచ్చిందో లేదో చూసుకోండి, రాకపోతే కూర్చోనక్కర్లేదు. భారత్‌లో ఎగిరిన సిబ్బందిలో ఒక ఆస్ట్రేలియనో కెనడియనో ఉండడం మామూలు. పేర్ల పట్టికలో అలాంటివాణ్ని పట్టుకుంటే ఆ ఒక్కడి ఫైలులో విమానం మొత్తం కథ ఉంటుంది.

ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏ705 వరుస మరణాల ఫైళ్లది. వాటి శీర్షికలోనే విమానం రకం, సీరియల్ (ఆ విమానానికి ఇచ్చిన సొంత నంబరు), చోటు, తేదీ ఉంటాయి. పేరు తెలియకపోయినా "లిబరేటర్" అని, పక్కన కోకనాడ, రాజమండ్రి, బే ఆఫ్ బెంగాల్ వంటి మాటలు మార్చి మార్చి వేసి చూడండి. చాలా ఫైళ్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. విచారణ సారాంశం, మిగతా సిబ్బంది పేర్లు, సాక్షుల మాటలు, కొన్నిసార్లు చేత్తో గీసిన పటం కూడా ఉంటాయి. ఏ9300 అధికారుల సర్వీసు ఫైళ్లు, ఏ9301 మిగతావాళ్లవి. యుద్ధంలో చనిపోయిన కెనడియన్ల ఫైళ్లు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా తెరిచేసింది. సర్వీసు నంబరు జే అక్షరంతో మొదలైతే కెనడా అధికారి, ఆర్‌తో మొదలైతే కింది హోదా. న్యూజీలాండ్ వాళ్లకు ఆక్లాండ్ మ్యూజియం నడిపే ఆన్‌లైన్ సెనొటాఫ్ అనే సైనికుల పేర్ల జాబితా ఉంది.

సీరియల్ నంబరు దొరికితే ఫారం 78 అన్న విమానపు కార్డు, ఫారం 1180 అన్న ప్రమాదపు కార్డు అడగొచ్చు. మన దేశంలో ఉన్న విమానాలకు ఇవి తరచు అసంపూర్తిగానే ఉంటాయి. "భారత్‌కు చేరింది", "కేటగిరీ ఈ", అంతే. కేటగిరీ ఈ అంటే బాగుచేయడానికి వీల్లేనిది.

అమెరికా విమానమైతే దారి వేరు. తప్పిపోయిన సిబ్బంది నివేదికలు 1943 నుంచి ఉన్నాయి గానీ శిక్షణ ప్రమాదాలకు వాటిని రాయకపోవడం ఎక్కువ. ఫారం 14 అన్న ప్రమాద నివేదిక కావాలి. చనిపోయినవారి వ్యక్తిగత ఫైలు వేరే అడగాలి. అందులో అంత్యక్రియల వివరాలు, పళ్ల పటం, ఇంటివాళ్ల ఉత్తరాలు ఉంటాయి. అమెరికన్ల సమాధులను యుద్ధం తర్వాత మన దేశం నుంచి తరలించేశారు, ఇక్కడ సమాధి కోసం వెతకొద్దు.

ఇక్కడి కాగితాలు

పత్రికల్లో వెతికి నిరుత్సాహపడేవాళ్లు చాలామంది. సెన్సారు ఉన్న రోజులు, విమానం కూలిందన్న వార్త రాదు. ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్‌లో చూడొచ్చు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలున్నాయి. వాటిని ప్రమాదం కోసం కాకుండా తేదీ సరిచూసుకోడానికి వాడండి: ఆ వారం తుపాను పట్టిందా, గోదావరి వరద ఎంత, ఏ జాతర జరిగింది.

1953 అక్టోబరు 1 దాకా ఈ జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నాయి, కనుక కలెక్టరు పైకి రాసినవి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. పబ్లిక్ డిపార్ట్‌మెంట్ జీవోల సూచికలో "విమానం" అని కాక "నష్టపరిహారం", "పంట నష్టం" కింద చూడండి. భారత ప్రభుత్వ యుద్ధ శాఖ ఫైళ్ల సూచిక మన నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్ అభిలేఖ్ పటల్‌లో ఇంట్లోంచే చూసుకోవచ్చు. యానాం పొలిమేరలో పడితే అది అప్పట్లో ఫ్రెంచి నేల, ఆ కాగితాలు పాండిచ్చేరి దారిలో వెళ్లాయి.

మిషన్లను మరచిపోవద్దు. గాయపడ్డ తెల్ల సైనికుణ్ని ఊరివాళ్లు ముందు మిషన్ ఆసుపత్రికే మోసుకెళ్లేవారు, పాదిరీ సమాధి చేయించేవాడు. కాకినాడ, పిఠాపురం వైపు కెనడియన్ బాప్టిస్టులు, రాజమండ్రిలో అమెరికన్ లూథరన్లు, నర్సాపురంలో గోదావరి డెల్టా మిషన్. కెనడియన్ బాప్టిస్టుల ఉత్తరాలు ఒంటారియోలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో, డెల్టా మిషన్ ఉన్న బ్రెదరెన్ శాఖ కాగితాలు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మద్రాసు ప్రాంత చర్చి సమాధుల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఎన్/2 వరుస.

చోటు

సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లలో భీమవరం, అమలాపురం వైపు 65 హెచ్‌లో, కాకినాడ, మొగల వైపు 65 ఎల్‌లో పడతాయి. పదిహేడో అక్షాంశానికి ఎగువన 65 జీ, 65 కే. పటంలోని అక్షాంశ రేఖాంశాలను సరాసరి ఫోన్‌లో వేస్తే డెల్టాలో సుమారు రెండు వందల మీటర్లు తప్పుతుంది, భూమి ఆకారానికి తీసుకున్న లెక్క మారింది కనుక. మార్చి వేసుకోండి. యుద్ధకాలపు గ్రిడ్ (పటం మీది చదరపు గళ్ల) అంకెలు గజాల్లో ఉంటాయి, మీటర్లనుకుంటే చోటు ఊరు దాటిపోతుంది. మైలు నేల మైలా, సముద్రపు మైలా అన్నది తెలియకపోతే రెండూ గీసి చూడండి: ఇరవై మైళ్లకు దాదాపు ఐదు కిలోమీటర్ల తేడా.

1953, 1986 వరదలు, 1949, 1996 తుపానులు ఈ నేలను మార్చేశాయి. లంకలు కోసుకుపోయాయి, మొగలు జరిగాయి, ఉప్పాడ ఒడ్డు సముద్రంలోకి పోయింది. ఆపైన చేపల, రొయ్యల చెరువుల తవ్వకం. పొక్లెయిన్ పట్టిన నేలలో ముక్కలు మొదటి చోట ఉండవు, చెరువు గట్టులో ఉంటాయి; కాబట్టి చెరువు తవ్విన ఏడాది, మట్టి ఎక్కడ పోశారన్నది రైతుని అడగాలి. అమెరికా గూఢచారి ఉపగ్రహం కరోనా 1960ల్లో తీసిన చిత్రాలు అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) వెబ్‌సైట్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉన్నాయి. చెరువులకు ముందటి డెల్టా వాటిలో కనిపిస్తుంది. ఊరివాళ్లు చెప్పిన గట్టు, తాడితోపు, పాత రేవు వాటి మీద గుర్తించి, ఆ తర్వాత ఇవాళ్టి చిత్రం మీదికి తెచ్చుకోండి. పాత సర్వే నంబరు తెలిస్తే గ్రామ ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటం ఇంకా కచ్చితం.

పొలంలో

రైతు అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. కోరంగి మడ అడవి అభయారణ్యం, అక్కడికి అటవీ శాఖ అనుమతి కావాలి. కృష్ణా–గోదావరి బేసిన్‌లో భూమిలో గ్యాసు పైపులు పరిచి ఉన్నాయి. 2014లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో పైపు పేలి ఏమైందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. గునపం దింపే ముందు పైపు దారి కనుక్కోవాలి. మాగ్నెటోమీటర్‌కు ఆ పైపు ఇంజను కన్నా గట్టిగా పలుకుతుంది. మాగ్నెటోమీటర్ అల్యూమినియాన్ని పట్టదు, ఉక్కునే పడుతుంది: ఇంజను సిలిండర్లు, చక్రపు కాళ్లు, తుపాకులు. బరువైన ఇంజను ఒండ్రుమట్టిలో లోతుకు దిగిపోతుంది కనుక దానికి ఇదే సాధనం. రేకు ముక్కలకు మెటల్ డిటెక్టర్ కావాలి. ఉప్పునేలలో మామూలు రకం ఊరికే కూస్తుంది, పల్స్ ఇండక్షన్ రకం మేలు.

దొరికినదాన్ని ఇలా పోల్చుకోండి. రెండు వరుసల్లో ఏడేసి, మొత్తం 14 సిలిండర్లు, లోపలి వ్యాసం 139.7 మిల్లీమీటర్లు ఉంటే ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830. ఇది లిబరేటర్, డకోటా, కాటలీనా మూడింటికీ ఉంది, కాబట్టి ఇంజనొక్కటే చూసి లిబరేటర్ అనొద్దు. వ్యాసం 155.6 అయితే ఆర్-2600, వెంజెన్స్ కావొచ్చు. 146 మిల్లీమీటర్లు, 14 సిలిండర్లు, బయట పుష్‌రాడ్ గొట్టాలు (కవాటాలను కదిపే కడ్డీలు ఉండేవి) లేకపోతే బ్రిస్టల్ హెర్క్యులిస్, చివరి రకం వెల్లింగ్టన్‌ది. ఒకే వరుసలో తొమ్మిదైతే పాత వెల్లింగ్టన్‌దో బ్లెన్‌హైమ్‌దో. వీ ఆకారంలో 12 సిలిండర్లు ఉండి చుట్టూ చెక్క మరలు, బోల్టులు తప్ప రేకు దొరకకపోతే మస్కిటో. జిగురు కీళ్లు, రెక్కల లోపాలతో 1944 నవంబరులో మన దగ్గరి మస్కిటోలను ఎగరకుండా ఆపారు. వెల్లింగ్టన్ అస్థిపంజరం తడిక అల్లినట్టు ఉంటుంది, చెయ్యెడు ముక్క దొరికినా చాలు.

భాగాల నంబరు 32తో మొదలైతే కన్సాలిడేటెడ్ లిబరేటర్ వైపు, 28 అయితే కాటలీనా వైపు చూడండి. కిరీటం కింద ఏ, ఎం అక్షరాలు బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ ముద్ర. అది పరికరం మీద ఉంటే విమానం బ్రిటన్ దళానిదని తెలుస్తుంది, విమానం బ్రిటన్‌లో తయారైందని కాదు. తూటా అడుగున ఏడాది అంకెలుంటాయి. 43 అని ఉంటే ప్రమాదం 1943కి ముందు జరగలేదు. ఒక్క అంకెతో సగం పట్టిక కొట్టేయొచ్చు.

తూటాలు, గుండ్రని సీసాలు, రెక్కల గొట్టం వంటివి కనిపిస్తే చెయ్యి పెట్టకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. సాధన బాంబులోనూ పొగ మందు ఉంటుంది, మాగ్నీషియం ఫ్లేర్ తడిసినా అంటుకోగలదు. గడియారపు ముఖాల మీద రేడియం రంగు ఇప్పుడు మెరవదు గానీ రేడియం సగం కావడానికే 1,600 ఏళ్లు పడుతుంది. గోకకండి, ఇంటికి తేకండి.

సముద్రంలో పడిందనుకుంటే వేటకు వెళ్లేవాళ్లే ఆధారం. వల చిక్కుకునే చోట్లు వాళ్ల జీపీఎస్‌లో ఉంటాయి. ఒకరినొకరు ఎరగని నాలుగు పడవల నుంచి విడివిడిగా తీసుకుని, ఒకేచోట పడ్డవి మాత్రం నమ్మండి. వాటిలో ఎక్కువ పాత పడవలు, డ్రిల్లింగ్ చెత్త.

ఎముకలు కనిపిస్తే

పని అక్కడితో ఆపేయండి. కదపకుండా కొలబద్ద పెట్టి ఫొటో, జీపీఎస్ అంకె, గోతి లోతు రాసుకుని పోలీసులకు, తహసీల్దారుకు తెలపాలి. మనిషివైతే బీఎన్ఎస్ఎస్ (నేర విచారణ పద్ధతుల చట్టం) 194వ సెక్షన్ కింద పంచనామా జరుగుతుంది. మీ దగ్గరున్న పేర్ల పట్టిక అప్పుడు అందులో చేర్చమని లిఖితపూర్వకంగా ఇవ్వండి, లేకపోతే అనాథ శవం కింద మూసేస్తారు. బ్రిటిష్ సిబ్బంది అయితే గ్లోస్టర్‌లోని ఉమ్మడి మరణాల కేంద్రానికి, అమెరికన్లైతే తప్పిపోయిన సైనికుల జాడ తీసే అమెరికా సంస్థ డీపీఏఏకు రాయాలి. మొదటిదానికి రాసినా వార్ గ్రేవ్స్ కమిషన్‌కు నకలు పంపండి. రాయల్ ఎయిర్ ఫోర్స్ మెడబిళ్లలు నారతో చేసినవి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎర్రమట్టి రంగు. తడి నేలలో కుళ్లిపోతాయి, దొరకలేదని గుర్తింపు వదులుకోనక్కర్లేదు.

చోటు, తేదీ, విమానం రకం, చనిపోయినవారి లెక్క నాలుగూ కలిశాకే కుటుంబాలకు రాయండి. మూడే కలిస్తే "కావొచ్చు" అన్న మాటతో రాయాలి. పేర్లు, ఎముకల ఫొటోలు బంధువులకు చేరకముందే సోషల్ మీడియాలో పెట్టొద్దు. బంధువుల జాడకు వార్ గ్రేవ్స్ పేజీలో తల్లిదండ్రుల పేర్లు, ఊరు ఉంటాయి. ఆ ఊరి స్థానిక చరిత్ర సంఘానికి రాస్తే సరాసరి తలుపు తట్టే అవసరం ఉండదు. మొదటి ఉత్తరంతో మద్రాస్ వార్ సిమెట్రీలోని రాతి ఫొటో ఒకటి జతచేయండి, సమాధి వరుస, నంబరు వెనక రాసి.